ముక్కులో వేసిన ఆముదం

ఉగాది అయిన వారానికి, మిద్దె మీద వడియాలు ఎండబెట్టి దిగుతుంటే నడిమెట్టు మీదే కూచుండిపోయినాను. ఊపిరి లోపలికి పోతుండాది గానీ చాలడం లేదు. ఎండకనుకొని ఊరుకున్నాను. చీటికీ మాటికీ ఆస్పత్రికి పోయే మనిషిని కాదు నేను.

తర్వాత దగ్గు పట్టుకొనింది. పడుకునే ముందు ముక్కులో ఆముదం చుక్కలు వేసుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. ఇంట్లో కాచిన ఆముదమే, ఖర్చు లేని మందు. దగ్గు ఎక్కువయ్యే కొద్దీ చుక్కలూ ఎక్కువ చేసినాను.

చిత్తూరులో ఛాతీ డాక్టరు ఎక్స్‌రే తీసి, "కుడి పక్క నీడ ఉందవ్వా, న్యుమోనియా" అన్నాడు. రెండు కోర్సుల మందులు వాడినా నీడ పోలేదు. తెమడ పరీక్షలో టీబీ లేదన్నారు. సీటీ స్కాన్ తీసినాక ఆయన గొంతు తగ్గించినాడు.

"గడ్డ కావచ్చు. ముక్క తీసి బయాప్సీ చెయ్యాల."

"క్యాన్సరా సార్?"

"కాదని చెప్పలేను."

ఆ వారమే నా చీరలు ఎవరికేది ఇవ్వాలో కోడలికి చెప్పేసినాను.

బయాప్సీకి ముందు ఆయనే అన్నాడు: "ఆదివారం తిరుపతిలో డాక్టర్లకు క్లాసు ఉంది. నీ స్కాన్ ఆడ చూపిస్తా. పేరు చెప్పనులే."

"ఇంత చదివి ఇంకా క్లాసా సార్?"

"నీ ఊపిరితిత్తులు నా పుస్తకాల్లో లేవవ్వా."

ఆదివారం పొద్దున క్లాసు మధ్యలో నుంచే ఫోన్ చేసినాడు. నేను పీట మీద కాళ్ళు చాపుకొని, ఐదు నెలల మనవరాలికి నీళ్ళు పోస్తుండాను. కోడలు స్పీకర్ పెట్టి ఫోన్ పట్టుకొనింది.

"అవ్వా, ముక్కులో ఏమన్నా వేసుకుంటావా?"

"ఆముదం సార్."

"ఈడ పెద్ద డాక్టరు స్కాన్ చూసి, నీడలో కొవ్వు ఉండాది, ఆమెను ఈ ఒక్క మాట అడుగు అన్నాడు. నూనె ఊపిరితిత్తుల్లోకి జారిందవ్వా. లైపాయిడ్ న్యుమోనియా అంటారు. ఇంట్లో ఇంకెవరికన్నా వేస్తావా?"

బిడ్డ నా కాళ్ళ మీదే దగ్గింది. నీళ్ళు పోసిన ప్రతిరోజూ దాని ముక్కులో చుక్క వేసి ఊదేదాన్ని.

"నేను వద్దన్నాను గదత్తా" అనింది కోడలు. అరవలేదు. "నీకేం తెలుసు, నలుగురిని పెంచినా నేను, అంటివి."

నాకు బ్రాంకోస్కోపీ అని ఊపిరితిత్తుల్లోకి గొట్టం దించి కడిగితే, ఆ నీళ్ళ మీద నూనె తేలింది. గడ్డ కాదన్నారు. సంతోషపడే దానికి లేకపోయింది. బిడ్డ ఎక్స్‌రేలోనూ కింద మచ్చ ఉండాది. దాన్ని ఆస్పత్రిలో చేర్చుకొని ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టేటప్పుడు నర్సు నన్ను బయట కూచోమనింది.

నూనె మానేస్తే అయిపోతుందనుకున్నాను. నెలకే నాకు మళ్ళీ దగ్గు, దాంతో జ్వరం.

"లోపలికి పోయిన నూనె అంత సులువుగా రాదవ్వా. చుట్టూ గట్టిపడతాది."

"బిడ్డకు కూడానా సార్?"

"చిన్న వయసు. తగ్గొచ్చు. చూస్తుండాల."

ఇప్పుడు బిడ్డకు ఏడాది దాటింది. గోడ పట్టుకొని నడుస్తాది. నాకు బిందె ఎత్తితే ఆయాసం. దానికి జలుబు చేసిన ప్రతిసారీ రొమ్ముకు చెవి ఆనించి వింటాను. గురగుర ఒక్కోసారి ఉంటాది, ఒక్కోసారి ఉండదు. వచ్చే నెల దానికి మళ్ళీ ఎక్స్‌రే.

బిడ్డల ముక్కులో ఏ నూనే వేయొద్దండి. ఇంట్లో పెద్దామె నాలాగా గట్టిగా మాట్లాడితే, చేతిలో నూనె గిన్నె లాక్కోండి.