గొర్లకు విడిచిన వరి

మొన్న కోదాడ నుంచి సూర్యాపేటకు బస్సుల వస్తుంటే, రోడ్డు పక్కన వరి పొలంల గొర్లు మేస్తున్నయి. నమిలిన పచ్చి ఆకు వాసన కిటికీలకెల్లి వచ్చింది. చిన్నప్పటి మా పొలం యాదికొచ్చింది.

నాకప్పుడు తొమ్మిదేండ్లు. నడిగూడెం దగ్గర కాలువ చివర మా పొలం. ఆ యాసంగి పంటకు నీళ్లు పై ఊర్లకాన్నే ఆగిపోయినయి. వరి పొట్ట మీదున్నది. ఇంకో తడి అందితే ఎన్ను తీసి గింజ పట్టేది. నాన్న రోజూ పొద్దున్నే కాలువ కాడికి పోయొచ్చేటోడు. "వచ్చినయా?" అని అమ్మ అడిగితే తల అడ్డం ఊపుకుంట చెప్పులు విడిచేటోడు. మడి నెర్రెలు బారింది. అయినా ఆకు పచ్చగనే ఉన్నది కాబట్టి, పైరు బతికే ఉన్నదని నా ధీమా.

ఒకనాడు బడి నుంచి వస్తుంటే మా మడిల గొర్ల మంద కనబడ్డది. కాపరి మల్లయ్య తాత గట్టు మీద నిలబడి ఊరికే సూస్తున్నడు.

"తాతా, మా వరి మేస్తున్నయి!" అని అరుసుకుంట ఉరికిన. గొర్ల మీదికి మట్టిపెల్ల ఎత్తేసరికి నాన్న వచ్చి నా చెయ్యి పట్టుకున్నడు.

"కొట్టకు బిడ్డా. నేనే తోలుకరమ్మన్న."

"ఎందుకు నాన్నా? పచ్చగనే ఉన్నది గద!"

"ఇగ ఎన్ను రాదు. గొర్లన్న తిననియ్."

మంద పొలం దాటేదాక ఆయన నా చెయ్యి ఇడువలే. నేను మళ్ల ఉరుకుతనని పట్టుకున్నడనుకున్న. ఆ పూట ఆయనకే ఒక ఆసరా కావాల్సొచ్చిందని ఇప్పుడనిపిస్తది.