అక్క చేతికి కట్టిన బటను ఖరీదు

అక్క స్నానాలగదిలో జారిపడి, లేవలేక, ఆ తడి గచ్చు మీద ఎంతసేపు ఉండిపోయిందో ఇప్పటికీ చెప్పదు. అడిగితే, "గడియారం పట్టుకుని పడ్డానేంటే నేను?" అని నా మీదే విరుచుకుపడుతుంది. పాలు పోసే ఆవిడ పిలిచి పిలిచి, అనుమానం వచ్చి లోపలికి వెళ్ళింది కాబట్టి సరిపోయింది. ఎముకలేవీ విరగలేదు. మణికట్టు బెణికింది, అంతే. నాకు మాత్రం ఆ రోజు నుంచీ కంటిమీద కునుకు లేదు.

అక్కది బండారులంక. మేం పుట్టి పెరిగిన ఇంట్లోనే ఉంటుంది. ఇల్లరికం వచ్చిన బావ పోయి చాలా ఏళ్ళయింది, పిల్లల్లేరు. డెబ్బై దాటినా రోజూ గుంట మగ్గంలోకి దిగి కాళ్ళాడిస్తూ చీర నేస్తుంది. నేను టీచరుగా రిటైరై, అమలాపురంలో ఓ మూడో అంతస్తు ఫ్లాట్లో ఉంటున్నాను. ఆటో ఎక్కితే ఎంతో దూరం కాదు. కానీ కిందపడ్డ మనిషికి, అవతలి ఊరి నుంచి ఆటో వచ్చేదాకా ఓపిక పట్టమని చెప్పడానికి నోరెలా వస్తుంది?

"నా దగ్గరికి వచ్చెయ్యవే" అన్నాను.

"వస్తాను. మీ మూడో అంతస్తులో మగ్గానికి గుంట తవ్విస్తావా?" అంది.

ఇద్దరం గట్టిగా పోట్లాడుకున్నాం. ఆఖరికి ఒక ఒప్పందానికి వచ్చాం. పడితే నొక్కడానికి ఒంటిమీద పెట్టుకునే బటన్లు వచ్చాయి కదా, అలాంటిది కొంటాను. అది అక్కరకొస్తుందని నాకు నమ్మకం కుదిరితే అక్క తనింట్లోనే ఉంటుంది. కుదరకపోతే నోరెత్తకుండా మగ్గం ఎవరికైనా ఇచ్చేసి నాతో రావాలి. ఆ చివరి మాట అన్నప్పుడు అక్క మగ్గం వైపు ఒక చూపు చూసింది.

మర్నాడు గడియార స్తంభం దగ్గర, వీల్‌చైర్లూ బీపీ మిషన్లూ అమ్మే కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన మర్యాదస్తుడు. స్టూలు వేసి, మంచినీళ్ళిచ్చి మొదలుపెట్టాడు.

"మూడు రకాలున్నాయండీ మేడమ్‌గారూ. ఇది కాలింగ్ బెల్ లాంటిదండీ, నొక్కితే ఇంట్లో గంట మోగుద్ది. వెయ్యి లోపే."

"ఇంట్లో వినేవాళ్ళుంటే ఇదెందుకండీ నాకు?"

"ఆయ్, నిజమేనండీ. అయితే ఇది చూడండి. సిమ్ము వేస్తారండీ. నొక్కితే మనం పెట్టిన నంబర్లకి వరసగా ఫోను వెళ్ళుద్ది, ఇందులోంచే మాట్లాడొచ్చు. ఐదు వేల పైచిలుకు. నెలనెలా రీఛార్జి మీదేనండి. మూడోదానికి కంపెనీ మనుషులు రాత్రింబవళ్ళు కనిపెట్టుకునుంటారు. మిషను కంటే ఏటా వాళ్ళకి కట్టేదే ఎక్కువండీ."

"ఆ కంపెనీ మనుషులు ఎక్కడుంటారు?"

"బెంగళూరులోనండీ."

"మా అక్క బండారులంకలో పడితే బెంగళూరాయన లేవదీస్తాడా?"

"లేవదియ్యరండీ. మీకే ఫోను చేసి చెబుతారు."

"నాకు ఫోను రావడానికి బెంగళూరు దాకా తిరిగి రావాలా నాయనా!" అన్నాను. ఆయన కూడా నవ్వేసి సిమ్ముదే పొట్లం కట్టాడు. మెడలో వేసుకునేది ఒక ధర, చేతికి కట్టుకునేది దానికంటే కొన్ని వందలు ఎక్కువ. ఎందుకొచ్చిన ఖర్చని మెడలోదే తీసుకున్నాను. డబ్బిస్తుంటే ఆయన ఇంకో మాట అన్నాడు.

"మొదటి నంబరు మాత్రం ఇంటి పక్కన ఉండేవారిది పెట్టండి. దూరాన ఉన్నవారిది పెట్టేరంటే ఇది అలంకారానికే తప్ప ఇంకెందుకూ పనికిరాదండీ."

ధర విని అక్క గుండెలు బాదుకుంది. "ఐదు వేలే! నేనెన్ని చీరలు నెయ్యాలే ఐదు వేలు మిగలాలంటే!" అంటూనే మెడలో వేసుకుంది. వారం తిరక్కుండా వెళ్ళి చూద్దును కదా, బటను మగ్గం రాటకున్న మేకుకి వేలాడుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మేకు పడుతుందనా దానికి కొన్నాను?

"అరవకే. మెడలో గొలుసుతో మగ్గం మీద వంగితే పడుగు పోగులకి తగిలి అవి పటుక్కున తెగుతాయి. అమ్మ మంగళసూత్రం వెనక్కి వేసుకుని నేసేది, మర్చిపోయేవా?"

మర్చిపోలేదు. నేతింటి పిల్లనై ఉండి కొట్లో ఆ సంగతి తట్టనందుకు సిగ్గేసింది. గుంటలోకి దిగేటప్పుడూ ఎక్కేటప్పుడే కదా పడేది, సరిగ్గా అప్పుడే ఒంటిమీద లేకపోతే ఎలా? మళ్ళీ కొట్టుకి పోయి, పైన డబ్బు కట్టి, చేతికి కట్టేది తెచ్చాను. ఎడమచేతికి, గాజుల స్థానంలో, కదలకుండా అమిరింది. ఇక మిగిలింది మొదటి నంబరు.

ఇలాంటివి కొనాల్సి వస్తుందని మా చిన్నప్పుడు ఎవరైనా అంటే ఆ వీధంతా పగలబడి నవ్వేది. ఆ రోజుల్లో మా వీధిలో తెల్లారేది కోడికూతతో కాదు, మగ్గాల చప్పుడుతో. ఎవరి మగ్గం ఎలా మోగుతుందో పిల్లలకు కూడా తెలుసు. మా నాన్నది నిదానంగా, గట్టిగా. పక్కింటి పెద్దాయనది గబగబా, మధ్యలో ఒక దగ్గుతో. ఒక ఎండాకాలం మధ్యాహ్నం నాన్న మగ్గం మీదే సొమ్మసిల్లిపోయాడు. అమ్మ వంటింట్లో ఉంది. నేనూ అక్కా అరుగు మీద గవ్వలాడుకుంటున్నాం. మేమెవరం గమనించకముందే పక్కింటాయన పరిగెత్తుకొచ్చి నాన్నను గుంటలోంచి ఎత్తి, మొహాన నీళ్ళు కొట్టాడు. "మగ్గం దెబ్బ ఒకటి పడ్డాక రెండోది పడలేదమ్మా, అందుకే వచ్చేను" అన్నాడు అమ్మతో. నాన్న బతికి, ఆ తర్వాత నా పెళ్ళి కూడా చేశాడు.

ఆ కాపలాకి ఖరీదు లేదనుకుంటే పొరపాటే. మగ్గం కాసేపు ఆగితే చాలు, "ఏంటర్రా, మొగుడూ పెళ్ళాం మాటా మాటా అనుకున్నారా?" అని గోడ మీంచి తల వచ్చేది. నాకు లెక్కల్లో సున్నా వచ్చిన సంగతి నేను ఇల్లు చేరేలోగా వీధి చివరిదాకా తెలిసిపోయింది. అక్కని పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు వద్దనుకున్నప్పుడు, ఏడవడానికి కూడా ఆ వీధిలో చోటు దొరకలేదు దానికి. అయినా ఇప్పుడు ఆ వీధిలో నడుస్తుంటే రెండో మూడో మగ్గాలు తప్ప వినిపించవు. టీవీల మోతే. ఆ పాత చప్పుడు కోసం నా చెవులు కొట్టుకుపోతాయి.

ఆ పక్కింటాయన కోడలినే నేను వదినా అని పిలుస్తాను. అక్క ఈడుదే. కాపురానికొచ్చిన ఏడాది నుంచీ ఇద్దరూ ఒకే కంచంలో తిన్నంత స్నేహం. అలాంటిది, ఎన్నో ఏళ్ళుగా వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

అది ఎలా చెడిందో చెప్పాలంటే మా పని గురించి ఒక ముక్క చెప్పాలి. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోతే, పాత పోగుల చివర్లకి కొత్త పోగులు ఒక్కొక్కటే కలిపి, వేళ్ళకి బూడిద రాసుకుని మెలిపెట్టాలి. వేల పోగులు. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. అందుకని ఇవాళ నీ ఇంటికి నేనొస్తే, రేపు నా ఇంటికి నువ్వు రావాలి. కూలి మాట ఉండదు. అక్కా వదినా ఎదురెదురుగా కూర్చుని, ఊరందరి మీదా చెప్పుకుని నవ్వుకుంటూ పొద్దుగూకేలోగా అతికేసేవారు. నేను సెలవులకి వెళ్ళినప్పుడు వాళ్ళ పక్కన చాపేసుకుని పడుకుని, ఆ కబుర్లు వింటూ నిద్రపోయేదాన్ని. అంత హాయి నిద్ర మళ్ళీ నేనెరగను.

తర్వాత గిట్టుబాటు కాక వదినవాళ్ళు మగ్గాలు తీసేశారు. చేతిలో పైసా ఆడని రోజులు. అప్పుడు అక్క పడుగు అతకడానికి పిలిస్తే వదిన వచ్చి, అతికి, లేస్తూ తలొంచుకుని అడిగింది. "ఇంక నాకు మగ్గం లేదు కదే. నువ్వు నాకు బదులు చెయ్యడానికేముంది? కూలిచ్చెయ్యి."

అక్క లోపలికెళ్ళి నోట్లు తెచ్చి చేతికివ్వకుండా గడప మీద పెట్టింది. వదిన వాటివైపు చూడకుండా వెళ్ళిపోయింది. అంతే. అక్కేమో కూలడిగి నన్ను పరాయిదాన్ని చేసిందంటుంది. వదినేమో నా లేమిని గడప మీద పెట్టిందంటుంది. ఇద్దరిదీ నిజమే, నేనేం చెప్పను?

"మొదటి నంబరు వదినది పెడతానే" అన్నాను అక్కతో.

"చచ్చినా ఒప్పుకోను. దాని చెయ్యి పట్టుకుని లేచేకంటే అలా పడుండడమే నయం."

"అయితే సామాను సర్దు."

అక్క విసురుగా మగ్గం వైపు తిరిగింది. నేను చరచరా పక్కింటికి వెళ్ళాను. కొడుకూ కోడలూ ఓడలరేవు వైపు పనులకి పోతే సాయంత్రందాకా ఆవిడా ఒంటరే. మోకాళ్ళు అరిగిపోయి కర్ర లేందే అడుగెయ్యలేదు. సంగతంతా చెప్పి, తెలివితక్కువగా చివర్న ఒక మాట తగిలించాను. "ఊరికే వద్దు వదినా, నెలకి ఎంతో కొంత..."

"ఛీ! నువ్వూ మీ అక్కలాగే తయారయ్యేవు!" అని కర్ర నేలకేసి కొట్టింది. చదువుకున్నదాన్నని పేరే కానీ, మానిన పుండు మీద వేలు పెట్టానని అప్పుడర్థమైంది. కాసేపటికి తనే నంబరు చెప్పింది. "రాసుకో. పొద్దున్నే దాని మగ్గం చప్పుడు వినపడేదాకా నాకు కాఫీ గొంతు దిగదు. అది మాత్రం దానికి చెప్పకు."

చెప్పలేదు. ఇంటికొచ్చి నంబర్లు ఎక్కించి, బటను అక్క చేతికి కట్టాను. అక్క దాన్ని ఎగాదిగా చూసి, "ఇంత పోసి కొన్నావు, పనిచేస్తాదో లేదో" అంటూ నేను వద్దనేలోగా నొక్కేసింది.

గోడ అవతల ఫోను మోగింది. అక్క నా మొహంలోకి చూసింది. చేతికున్న బటన్లోంచి వదిన గొంతు, "ఏమే! పడ్డావా? కదలకు, వచ్చేస్తన్నా!" అని కేక పెట్టి ఆగిపోయింది. "పరీక్షకే వదినా" అని నేనంటున్నా వినేవాళ్ళు లేరు.

వదిన వీధి చుట్టూ తిరిగి, గోడలు పట్టుకుంటూ, కొంగు జారిపోతూ వచ్చింది. చెప్పుల్లేవు. చేతిలో కర్ర లేదు. గుమ్మంలో నిలబడి, కుర్చీలో గుండ్రాయిలా కూర్చున్న అక్కని చూసి అలాగే కూలబడిపోయింది.

"ఏం కాలేదే. పనిచేస్తాదో లేదో అని నొక్కేను" అంది అక్క, నీళ్ళు నమిలినట్టు.

"నీ పరీక్ష తగలెయ్యా! నా ప్రాణం పైకే పోయింది కదే ముదనష్టపుదానా!" అని వదిన బావురుమంది.

అక్క లేచి వెళ్ళి ఆ గడప మీదే పక్కన కూర్చుంది. "కర్రేదే? కర్ర లేకుండా ఎలా వచ్చేసేవు? ఎక్కడైనా పడితే?"

"పడితే పడతాను. కర్ర వెతుక్కుంటూ కూచుంటే ఈలోగా నువ్వు..." అని ఆ మాట పూర్తిచెయ్యలేక అక్క చెయ్యి పట్టుకుంది. అక్క విడిపించుకోలేదు. నాకు ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

ఆ చెయ్యి వదలకుండానే అక్క నా వైపు తిరిగింది. "ఇదెంతన్నావే?"

చెప్పాను. చేతికి కట్టేదానికి పైన కట్టిన వందలతో సహా చెప్పాను. ఈసారి గుండెలు బాదుకోలేదు.

"రేపు దీనికీ ఒకటి తీసుకురా. డబ్బు నేనిస్తాను" అంది. "దాంట్లో మొదటి నంబరు నాది పెట్టు."