ఆముదం తాగిన పట్టీ

సూర్యాపేటలో కొనుక్కొచ్చిన సంచిని మొన్న మా కోడలు చూపించినప్పుడు, దాని మీది పూలు చూసి నా చేయి ఊరుకోలేదు. పట్టీ బిరుసుగా ఉందని ఆముదం సీసా తెచ్చి రుద్దడం మొదలుపెట్టాను. "అది తోలు గాదత్తమ్మా, రెక్సిన్" అని కోడలు నవ్వింది. పైపైనే నిలిచిన నూనెను గుడ్డతో తుడుస్తుంటే మా అత్త గుర్తొచ్చింది.

రెండువేల నాలుగు ప్రాంతమనుకుంటాను, నా నడుము పట్టేసి, ఇక వంగి నాట్లు వేయొద్దని దవాఖానలో చెప్పారు. మా గరిడేపల్లి వైపు వరి పని తప్ప ఆడవాళ్లకు వేరే ఏముంది, మా ఆయన గొర్రెలతోనే ఇల్లు గడవదు. కూర్చుని చేసే పని దొరక్కపోతే ఎట్లా అని కుమిలిపోతుంటే, కోదాడలో తోలు బెల్టులు చేసే ఒకన్న ఆడవాళ్లకు పని నేర్పుతున్నాడని తెలిసి బస్సెక్కాను. తడి స్పాంజితో తోలు తుడిచి, కాస్త ఆరాక ఇనుప అచ్చు పెట్టి కొయ్యసుత్తితో కొడితే పువ్వు దిగుతుంది. వినడానికి ఇంతే గానీ, తడి ఎక్కువైతే పువ్వు అలికినట్టయ్యేది, తక్కువైతే పడేదే కాదు. కొంచెం చేయి కుదిరాక ఆ అన్న బెల్టుకు కోసిన ఒక తోలు పట్టీ ఇచ్చి, ఇంటి దగ్గర పూలకు గీతలు గీసుకుని రా, సోమవారం నా ముందు పూలు దించు, బాగుంటే పనిలో ఉంచుకుంటానన్నాడు.

మామ గొర్రెల వెంట తిరిగే మనిషి కాబట్టి, ఆయన చెప్పులకు ఆముదం పట్టించడం మా అత్తకు అలవాటు. నేను గీతలు గీసి పెట్టిన పట్టీకి కూడా ఆదివారం ఆముదం పట్టించి ఎండలో పెట్టింది. "ఎండిన తోలు ఇరుగుతది బిడ్డా, జర మెత్తగ చేసిన, నీ చేతులు నొయ్యవు" అంది. గొర్రెల ఇంటి కోడలిని, నాకూ అది మంచిదే అనిపించింది.

సోమవారం స్పాంజితో ఎంత తుడిచినా నీళ్లు తామరాకు మీదలా జారిపోయాయి. అచ్చు పడలేదు. భయంతో గట్టిగా కొడితే తోలు తెగింది, ఇక పని పోయినట్టేనని నాకు ఏడుపొచ్చింది. అన్న పట్టీని ముక్కు దగ్గర పెట్టుకుని "దీనికి ఆముదం రాసిందెవరమ్మా?" అన్నాడు. అత్త మాట చెప్పబుద్ధి కాలేదు, నేనేనన్నాను. నూనె తాగిన తోలు నీళ్లు తాగదని, ముందు నీళ్లు, ఆ తర్వాత పూలు, నూనె అన్నిటికంటే చివర అని చెప్పి, "ఇంట్లో గొర్రెలున్నాయా ఏంటి?" అని నవ్వి ఇంకో ముక్క ఇచ్చాడు. దాని మీద పూలు చక్కగా దిగాయి.

ఇంటికొచ్చి పని దొరికిందని మాత్రమే చెప్పాను. తన ఆముదం వల్లే కోడలికి పని దొరికిందని అత్త వాడకట్టంతా చెప్పుకుంది, పోయేదాకా చెప్పుకుంది, నేను ఒక్కనాడూ కాదనలేదు. ఆ తర్వాత కొన్నేళ్లకు మిర్యాలగూడ, కోదాడ బజార్ల నిండా మిషన్ పూల సంచులు, బెల్టులు దిగాయి, అన్న దుకాణం మూతపడింది. తెగిన ఆ పట్టీ మాత్రం నా పెట్టెలో ఇప్పటికీ మెత్తగానే ఉంది.

ఇప్పటి సంచులు నీళ్లూ తాగవు, నూనే తాగవు. కోడలికి ఏదైనా చేయాలనిపిస్తే మా అత్త దగ్గర నేను నేర్చుకున్నది ఆ ఆముదం పట్టించడమే, ఇక దేనికి పట్టించాలో తెలియక సీసాకు మూతపెట్టి లోపల పెట్టేశాను.