కుక్కర్ కూతకు నన్ను కూర్చోబెట్టిన దేవుడు

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో వందనాలు! మాది గుండ్లపోచంపల్లి. రెండేళ్ల క్రితం పప్పు ఉడుకుతుండగా కుక్కర్ మూత పేలి నా చెయ్యి, మెడ కాలాయి. గాయాలు నెలలో మానాయి గానీ భయం మానలేదు, పక్కింట్లో విజిల్ వస్తే చాలు, గుండె దడదడలాడి, చెప్పులైనా లేకుండా వీధిలోకి పరుగెత్తేదాన్ని! నా నాలుగేళ్ల కూతురికి ఆ ప్రమాదం గుర్తే లేదు, అయినా నన్ను చూసి చూసి తానూ విజిల్‌కు చెవులు మూసుకుని ఏడవడం మొదలుపెట్టింది. నా భయం బిడ్డకూ అంటుకుందని నా ప్రాణం విలవిలలాడింది.

అప్పుడొక తప్పు చేశాను. విశ్వాసంతో ముందే చెబితే జరుగుతుందనుకుని, ఆదివారం సంఘం ముందు నిలబడి నా భయం పోయిందని సాక్ష్యం చెప్పేశాను! అందరూ హల్లెలూయా అన్నారు. ఆ బుధవారమే ఒక సహోదరి ఇంట్లో గృహ ప్రార్థన, వంటింట్లో కుక్కర్ కూసింది, నేను బైబిలు అక్కడే వదిలేసి గేటు దాటాను. ఎంత సిగ్గు! మూడు నెలలు మందిరం ముఖం చూడలేదు.

మా పాస్టరమ్మ మాత్రం వదలలేదు, దేవునికే మహిమ! మేడ్చల్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. విజిల్ అంటే ప్రమాదమని నా మెదడు ఒక్కరోజులో నేర్చుకుందట, పారిపోయిన ప్రతిసారీ, పారిపోయాను కాబట్టే బతికానని ఆ పాఠాన్ని గట్టి చేసుకుంటోందట. కూర్చుని వింటే, ఏమీ కాకపోతే, మెల్లగా కొత్త పాఠం నేర్చుకుంటుందట. పాతది పూర్తిగా చెరిగిపోదు గానీ దాని జోరు తగ్గుతుందని చెప్పింది.

ఇక చూడండి దేవుని కార్యం! ప్రతి బుధవారం సహోదరీలు మా ఇంటికే వచ్చి, కొత్త కుక్కర్ వాళ్లే పొయ్యిమీద పెట్టి, నన్ను మొదట గేటు దగ్గర, తర్వాత హాల్లో, ఆ తర్వాత వంటింటి గడపలో కూర్చోబెట్టారు. పాస్టరమ్మ నా చెయ్యి పట్టుకుని, "అయ్యా, గీ బిడ్డకు భయమైతాంది, నీకు ఎరుకే. భయం ఇప్పుడే తియ్యకున్నా మంచిదే, ఉరకనియ్యకు తండ్రీ, ఇంకొక్క విజిల్ దాక కూసోబెట్టు!" అని ప్రార్థించేది. చెమటలు కారాయి, ఏడ్చాను, కానీ లేవలేదు!

మొన్న నేనే పప్పు వండాను. విజిల్ రాగానే గుండె ఝల్లుమంది, ఈసారి అబద్ధం చెప్పను! పాప నా ముఖంలోకి చూసింది. నేను కదలకుండా కరివేపాకు దూస్తున్నాను. కాసేపు అలాగే చూసి, మళ్లీ తన బొమ్మకు జడ వేసుకోవడంలో పడిపోయింది. స్తోత్రం ప్రభువా, స్తోత్రం!

ప్రియులారా, మీలో భయపడేవాళ్లుంటే పోయిందని చెప్పడానికి తొందరపడకండి, పోకముందే రండి. బుధవారం మా ఇంట్లోనే ప్రార్థన, పప్పు నేనే వండుతాను!