నీళ్ళు ఎక్కని తోటకు నీటి తీరువ

మా మామిడితోటకు నీటి తీరువ కట్టమని తాఖీదు వచ్చేనాటికి నేను ఇథియోపియాలో పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. మావారికీ నాకూ అక్కడ ఒకే బడిలో ఉద్యోగం. ఆ రోజుల్లో ఆ దేశం మన టీచర్లను పిలిచి మరీ కొలువులిచ్చేది. తాఖీదును కవర్లో పెట్టి పంపింది మా అన్నయ్య. అది నా చేతికి వచ్చేసరికి కట్టాల్సిన గడువు కాస్తా దాటిపోయింది.

తోట చాట్రాయి వైపు మెరకలో ఉంది. నాన్న బతికుండగానే నా పేర రాసి ఇచ్చాడు. బంగినపల్లి, రసాలు, గట్టు వారగా కొన్ని కలెక్టరు చెట్లు. ఎర్రనేల. వాన పడితే తడుస్తుంది, పడకపోతే లేదు. ఊరి చెరువు పల్లంలో ఉంది. ఆ నీళ్ళు మా తోటలోకి రావాలంటే దిబ్బ ఎక్కి రావాలి. అలాంటి నేలలో నేను అనుమతి లేకుండా చెరువు నీళ్ళు పారించి వరి పండిస్తున్నానట. అందుకు తీరువ, దాని మీద జరిమానా.

అన్నయ్య కింద నాలుగు ముక్కలు రాశాడు. కట్టేద్దాం, నేను జిల్లా బోర్డు బళ్ళో పనిచేసేవాణ్ణి, కచేరీ వాళ్ళతో నాకు గొడవెందుకు అని. మావారిదీ అదే మాట.

"పోయేది కాస్త డబ్బే గదా, పోనీ."

"డబ్బు సంగతి కాదండీ. కడితే నీళ్ళు దొంగిలించానని ఒప్పుకున్నట్టు. వచ్చే ఏడు మళ్ళీ పంపుతారు."

"అయితే ఇంత దూరం నుంచి ఏం చేస్తావు?"

"కట్టను," అన్నాను. అంతకు మించి నాకూ అప్పటికి ఏమీ తోచలేదు.

తాసీల్దారుకు ఉత్తరం రాశాను. నా నేల మెట్ట, అందులో వరి లేదు, వచ్చి చూడండి అని. జవాబు వచ్చింది. విచారణకు స్వయంగా హాజరు కావలెను, లేనిచో పంట జప్తు చేయబడును. హాజరు కమ్మన్న రోజు వెళ్ళిపోయాక ఆ జవాబు నాకు చేరింది. చదివి ముందు నవ్వాను. తర్వాత ఒళ్ళు మండిపోయింది. చేయని నేరానికి సముద్రాలు దాటి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడాలా?

సరిగ్గా అప్పుడే వదిన దగ్గర్నుంచి విడిగా ఒక కవరు వచ్చింది. "అమ్మాయ్, మీ అన్నయ్య మాట వినకు. ఆ చెరువు ఎండాకాలం గేదెలు పడుకోవడానికే చాలదు. మన తోటకెక్కడ పారింది? నువ్వు కాయితం పంపు, నేను వెళ్తాను."

వదిన అంతవరకూ కచేరీ గడప తొక్కి ఎరగదు. కానీ ఏటా కాయ బేరం చేసేది తనే. నూజివీడు షావుకార్లు అన్నయ్యతో నవ్వుతూ మాట్లాడేవాళ్ళు, వదినతో ఆచితూచి మాట్లాడేవాళ్ళు. నా తరపున ఆమె హాజరయ్యేలా అధికారపత్రం రాసి, సంతకానికి సాక్ష్యం కోసం బస్సెక్కి అడిస్ అబాబాలో మన రాయబార కార్యాలయానికి వెళ్ళాను. అక్కడి గుమాస్తా చదివి ఆశ్చర్యపోయాడు.

"అన్నగారుండగా వదినగారి పేరు రాశారేంటండీ?"

"అన్నయ్య అయితే కట్టేసి వస్తాడండీ," అన్నాను. ఆయన నవ్వి ముద్ర వేశాడు.

కచేరీలో జరిగిందంతా వదిన తర్వాత నాకు చెప్పింది. కాయితం పట్టుకుని వెళ్తే తాసీల్దారు తల ఎత్తలేదట.

"ముందు డబ్బు కట్టి, తర్వాత అప్పీలు చేసుకోండమ్మా."

"ముందు తోట చూడండి. చూశాక కట్టమంటే అప్పుడు మాట్లాడుకుందాం."

"అందరి పొలాలూ చూస్తూ తిరిగితే మా పనెవరు చేస్తారు?"

"అందరికీ తాఖీదులు పంపడానికి తీరిక దొరికింది గదండీ."

వరండాలో బల్ల మీద కూర్చుంది. కచేరీ మూసేదాకా లేవలేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఆ వారమంతా అన్నయ్య ఇంట్లో ఆమెతో మాట్లాడలేదట. కచేరీ నుంచి మాత్రం తోట చూడడానికి ఎవరూ రాలేదు.

ఈలోగా కాయ ముదిరింది. తలారి జప్తు కాయితం తెచ్చి తోటలోని కాపలా గుడిసెకు అంటించి వెళ్ళాడు. దాన్ని చూసి, ఆ ఏటి కాయకు బేరం కుదుర్చుకున్న షావుకారు బయానా వెనక్కి అడిగాడు. వదిన ఇచ్చేసింది. మర్నాడు తెల్లవారగానే కూలీలను పిలిచి, కాయ తెంపే వల చిక్కాలు ఇచ్చి కోతకు దించింది. తలారి పరుగెత్తుకొచ్చాడు.

"కొయ్యకూడదండమ్మా! జప్తులో ఉంది."

"జప్తు చేసుకుంటే గంపల్లో చేసుకోమను. చెట్టు మీద కుళ్ళనిచ్చేది లేదు. వెళ్ళి చెప్పు, కోస్తున్నానని."

వాడు వెళ్ళి చెప్పాడు. అన్నిసార్లు పిలిచినా రాని రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, అదే ఆర్.ఐ., కోత ఆపడానికి ఆ మధ్యాహ్నమే సైకిల్ మీద వచ్చాడు. వెనక కరణం. ఆర్.ఐ. చెట్ల మధ్య నిలబడి నాలుగు వైపులా చూశాడు.

"ఇదేంటి, వరి ఏదమ్మా?"

"నేనూ అదే వెతుకుతున్నానండీ. మీరే చూపించాలి."

ఆయన కరణం చేతిలోని లెక్క లాక్కుని చూశాడు. చెరువు కింద మాగాణికి పడాల్సిన తీరువ, ఒక అంకె తారుమారై మా సర్వే నంబరు మీద పడింది. "చేతి పొరపాటండీ," అని కరణం నసిగాడు. ఆర్.ఐ. గుడిసె మీది కాయితం తనే చింపేశాడు. కూలీలు చిక్కాలు ఆపనే లేదు.

కానీ బేరం పోయింది పోయినట్టే. వదిన కాయను బళ్ళ మీద హనుమాన్ జంక్షన్‌కు తోలించి, లారీ వాళ్ళు ఇచ్చిన ధరకు అమ్మేసింది. తీరువ రద్దు చేయడమైనదని కొన్నాళ్ళకు నాకు ఒక వాక్యం వచ్చింది. పొరపాటు ఎవరిదో ఆ వాక్యంలో లేదు.

మరుసటి వేసవి సెలవుకు వచ్చినప్పుడు వదినను వెంటబెట్టుకుని కచేరీకి వెళ్ళాను. అన్నయ్య రాలేదు గానీ బస్సు దాకా వచ్చి ఎక్కించాడు.

"రద్దయింది గదమ్మా, ఇంకేం కావాలి?" అన్నాడు గుమాస్తా.

"మీ లెక్కలో నా నేల మెట్టని ఉందో, మాగాణని ఉందో చూపించండి."

చూపించాడు. మాగాణి! ఇంకో ఏడాది ఆగితే మళ్ళీ తాఖీదు వచ్చేది. కరణాన్ని పిలిపించి, మా కళ్ళ ముందు కొట్టేసి దిద్దేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. అప్పుడు తాసీల్దారు గదిలోకి వెళ్ళి కాయ నష్టం సంగతి అడిగాను.

"దానికి రూలు లేదమ్మా," అన్నాడాయన, ఈసారి తల ఎత్తి.

"తప్పుడు తాఖీదు పంపడానికి ఏ రూలుందండీ?"

ఆయన ఇంకో ఫైలు ముందుకు లాక్కున్నాడు. అక్కడే కాయితం అడిగి తీసుకుని అర్జీ రాసిచ్చాను. దానికి జవాబు రాలేదు. ఇథియోపియా తిరిగి వెళ్ళాక కూడా ఏటా కాయ కోతల వేళకు ఒక అర్జీ పంపేదాన్ని. స్టాంపుల ఖర్చు నష్టాన్ని మించిపోతోందని మావారు వేళాకోళం చేసేవారు. మించనీయండి అనేదాన్ని. నా పేరు చూసి ఆ కచేరీలో ఎవరో ఒకరు ఏడాదికొకసారైనా విసుక్కుంటే నాకు అదే చాలు.