బీపీ మాత్రల మీద అనుమానం

గడియారాలు బాగుచేసే ఆయన ఎవరినీ ఒక పట్టాన నమ్మేవాడు కాదు. "కింద పడలేదండీ, దానంతటదే ఆగిపోయింది" అని ఎవరైనా అంటే, పడే ఉంటుందనుకుంటూ వెనక మూత తెరిచేవాడు. చాలాసార్లు ఆయన అనుమానమే నిజమయ్యేది.

అలాంటి మనిషి భార్యకు ఉన్నట్టుండి కళ్లు తిరగడం మొదలైంది. ఆరేళ్లుగా బీపీ మాత్రలు వాడుతోంది, ఏనాడూ ఇబ్బంది లేదు. ఈ ఏడాది మాత్రల ధర రెండుసార్లు పెరిగింది, రోగం మాత్రం తగ్గడం లేదు. ధర పెంచి సుద్దముక్కలు అంటగడుతున్నారని ఆయన తేల్చేశాడు. కంటికి భూతద్దం తగిలించుకుని పాత షీటునీ కొత్త షీటునీ పక్కపక్కన పెట్టి చూశాడు. తేడా కనబడలేదు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది.

షీటు పట్టుకుని మందుల షాపుకి వెళ్లాడు.

"ఏవయ్యా, ఇవి అసలువేనా?"

షాపతను నొచ్చుకున్నాడు. "ఇంత మాటంటారా? ముందు మీ ఇంట్లో అడగండి. అమ్మగారు నెలకి మూడు షీట్లు పట్టుకెళ్లేవారు. ధర పెరిగిన దగ్గర్నుంచీ ఒకటిన్నరే అడుగుతున్నారు."

ఆయన షీటు జేబులో పెట్టుకున్నాడు. ఇంటికొచ్చి ఏమీ అడగలేదు. మర్నాడు పొద్దున్న పేపరు అడ్డం పెట్టుకుని, వంటింటి వైపే కన్నేసి కూర్చున్నాడు. ఆవిడ కూరగాయల కత్తితో మాత్రని రెండు ముక్కలు చేసి, ఒకటి నోట్లో వేసుకుని రెండోది చిన్న డబ్బాలో దాచింది.

"ఎన్నాళ్లనుంచి ఈ దొంగతనం?"

ఆవిడ ఉలిక్కిపడింది. "దొంగతనమేముందండీ, నా మాత్ర నేను కోసుకున్నా. అసలే మీకు బేరాలు తగ్గాయి."

"నాతో ఒక్క మాట అనొచ్చుగా?"

"అంటే ఊరుకుంటారా మీరు?"

ఆయనకు ఒళ్లు మండింది. ఎవరి మీదో మాత్రం తేల్చుకోలేకపోయాడు. ఆ రోజు కొట్టు తెరవకుండా ఆవిడను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ బీపీ చూసి కంగారుపడింది, ఇద్దరినీ కేకలేసింది. తర్వాత చీటీ మీద మరో పేరు రాసింది.

"ఇదీ అదే మందు. కంపెనీ వేరు, ధర మూడో వంతు."

"మరి ఇన్నాళ్లూ ఖరీదైనదే ఎందుకు రాశారు?"

"మీకు భారమవుతోందని ఎప్పుడూ అనలేదుగా."

ఆ జవాబు నమ్మాలో వద్దో ఆయనకు ఇప్పటికీ తెలియదు.

నెల తిరిగేసరికి ఆవిడ కుదుటపడింది. అయినా ఆయన రోజూ పొద్దున్నే మంచినీళ్ల గ్లాసుతో ఎదురుగా నిలబడతాడు. మాత్ర గొంతు దిగేదాకా కదలడు.

"నోరు తెరిచి చూపించమంటారా?" అంటుంది ఆవిడ విసుగ్గా.

"చూపించు" అంటాడాయన.