గడప మీద నేను కూసున్న ఐదు రోజులు

“ఇగ ఆ కంప్యూటర్ రూంల అడుగు వెట్టకు, రాజవ్వా.”

“వెట్ట బావా. నువ్వు నోరు తెరిచి పిలిచేదాక వెట్ట.”

నాకు, మా ఆయన అన్నకు నడుమ ఆఖరి మాటలు ఇవే. ఇద్దరం బతికే ఉన్నం, ఒక్క ఇంట్లనే ఉన్నం. మాటలే సచ్చిపోయినయి.

నేను చెప్తున్న, నా మేనకోడలు లావణ్య రాస్తున్నది. నాకు సంతకం తప్ప రాదు. దయ్యం, గాలి, సోకుడు అంటే నవ్వేదాన్ని. ఇరవై ఏండ్లు భీవండిల సాంచాల నడుమ, అదే కరెంటు మగ్గాల నడుమ బతికిన. సాంచ ఆగిందంటే దారం తెగిందో, కరెంటు తగ్గిందో చూసినగని ఎవ్వరి నీడ పడ్డదని అడగలె.

భీవండి పక్కనే ఉన్న టెంఘర్ ఊర్ల బావకు సాంచాలున్నయి. చీర అంచుల డిజైన్లు లావణ్య కంప్యూటర్ మీద చేస్తది, బావను పెద్దమామ అని పిలుస్తది. పెద్ద డిజైన్ తెరిస్తే అది నత్త లెక్క నడుస్తున్నదని, అంజూర్ ఫాటా నుంచి మెకానిక్ వచ్చి ఇంకో ర్యామ్ వెట్టిండు. వేలెడంత పట్టి. సాంచకు కొత్త నూలు బీము ఎక్కిచ్చినప్పుడు చేసినట్టే బావ దానికి పసుపు కుంకుమ వెట్టి కొబ్బరికాయ కొట్టిండు. సరిగ్గ అప్పుడే నేను చాయ తీస్కొని లోపలికి పోయిన. పావుగంటకు తెర నీలిగయి బందయింది. మళ్ల షురూ చేస్తే మళ్ల బందు.

“మొగడు పోయినదానివి, కాయ కొట్టంగ ఎదురొస్తవా?” అన్నడు. రూం నుంచే కాదు, నెల దాటితే ఇంట్ల నుంచి గూడ పొమ్మన్నడు. కాల్హేర్ గోదాంలల్ల పని దొర్కుతదట! మా ఆయన పోయినప్పటి సంది ఈ ఇంటికి నూలు కండెలు చుట్టింది ఎవరు?

లావణ్య ఊకోలె. పాతది, కొత్తది రెండు పట్టీలు తీసి రబ్బరుతోని రుద్దింది. ఒక్కొక్కటే వెడితే మంచిగ నడిచింది, రెండు కలిపితే మళ్ల నీలిగయి పడిపోయింది. అటుది ఇటు మార్చినా అంతే. మెకానిక్ కొత్త పట్టిని దుకాణానికి తీస్కపోయి చూసిండు. ఏ తప్పు దొర్కక మళ్ల తెచ్చి వెట్టిండు.

మూడో నాడు ఆ పిల్లకు అన్నం తీస్కపోయిన. అడుగు వెట్టనన్న గద, గడప మీదనే కూసున్న. కూసున్నంత సేపు కంప్యూటర్ పడలె. లేసి కండెల మిషన్ మీదికి పోయిన్నో లేదో, “అత్తా, మళ్ల పడ్డది!” అని కేక.

“మంత్రమేమన్న ఏస్తున్నవా అత్తా?”

“మంత్రమొస్తే ముందు మీ పెద్దమామ నోరు కట్టెయ్యనా?”

నా కండెల మిషన్ గూడ అదే కరెంటు లైను మీద నడుస్తది. నేను గడప మీద ఉంటే మిషన్ బందుంటది, అందుకే కావచ్చని లావణ్య అనుమానం. మా తోడికోడలు అక్కతోని మిషన్ నడిపిచ్చి నన్ను కూసోవెట్టింది. కంప్యూటర్ పడలె. మిషన్ బందు చేసి నన్ను రేషన్ దుకాణానికి తోలింది. సందు మలగక ముందే పడ్డది. ఐదు రోజులు గట్లనే చూసి క్యాలెండర్ మీద గుర్తులు వెట్టింది. ఒక్కసారి తప్పలె.

బావ వచ్చేటోడు, నన్ను చూసేటోడు, వచ్చిన తొవ్వనే మర్లిపోయేటోడు. నన్ను లేపితే పని ఆగుతదని ఆయనకు ఎరుకే.

డిజైన్ పూర్తయి సాంచ ఎక్కింది. అప్పుడు అక్కతోని అన్నడట, “ఇత్తఫాక్.” ఊకె గట్ల కలిసొచ్చిందట! ఆగితే నా నీడ, నడిస్తే ఇత్తఫాకా?

తర్వాత మెకానిక్ ఆ కొత్త పట్టి తీస్కపోయి వేరేది వెట్టిండు. ఇప్పుడు నేను ఉన్నా లేకున్నా నడుస్తున్నది. తీస్కపోయిన పట్టి ఇంకెవరి కంప్యూటర్లనో ఏ తిప్పలు లేకుంట పనిచేస్తున్నదట. ఎట్ల? నాకు తెల్వది, చదువుకున్న లావణ్యకు తెల్వది. నాల మహిమ ఉన్నదని నేను అంట లేను. మహిమ నాకొద్దు. పాపం గూడ నా నెత్తిన వెట్టొద్దు.

పొమ్మన్న మాట బావ ఇంకా వాపసు తీస్కోలె. నెల దగ్గరికొచ్చింది.

రాసినవా బిడ్డా? మొదటి నుంచి చదువు. మెల్లగ గాదు, గట్టిగ. మీ పెద్దమామ పక్క రూంల అన్నం తింటున్నడు.